ముందుగా చేతికొచ్చే గుండె

అనకాపల్లి, చోడవరం పల్లెల నుంచి పెదాలు నీలిరంగు తిరిగిన పిల్లల్ని ఎత్తుకుని విశాఖ వచ్చే తల్లుల్ని ఎకో గదిలో ఏళ్ల తరబడి చూశాను. డాక్టరుగారు చీటీ వెనక నాలుగు గదులు గీసి, మధ్యగోడలో సున్నా చుట్టి, "ఇదిగోనమ్మా కన్నం" అనేవారు. "మూసేస్తే బాగైపోద్దా బాబూ?" అని అడిగేవారు వాళ్లు.

కన్నం ఒక్కటే అయితే ఆ బొమ్మ చాలు. చిక్కంతా పెద్ద ధమనులు రెండూ కుడి జఠరికలోంచే పుట్టిన గుండెతోనే. అక్కడ కన్నాన్ని ఊరికే మూస్తే బిడ్డ దక్కదు. ఎడమ జఠరికలోని మంచి రక్తానికి బయటికి దారి అదొక్కటే. కన్నం నుంచి బృహద్ధమని దాకా లోపల ప్యాచ్‌తో సొరంగం కట్టాలి. ఆ సొరంగం పడుతుందా, కవాటం తీగలు అడ్డొస్తాయా? ఎకోలో కొంత, సీటీలో కొంత కనిపిస్తుంది. మిగతాది సర్జన్ ఊహించుకోవలసిందే.

గుండె లోపలిని చూడాలన్న తపన పాతదే. 1888లో ఫ్రాన్స్‌లోని మార్సెయిల్లో ఫాలో అనే వైద్యుడు నీలిజబ్బులో నాలుగు లోపాలున్నాయని తేల్చింది చనిపోయినవారి గుండెలు కోసి చూసే. 1944లో బాల్టిమోర్‌లో నీలిపిల్లలకు సర్జన్ బ్లేలాక్ చేసిన ఆపరేషన్‌ను ముందు కుక్కల మీద సాధించిపెట్టింది ఆయన సహాయకుడు వివియన్ థామస్. ఆ ఆపరేషన్ పేరులో థామస్‌కు చాలాకాలం చోటివ్వకపోవడం నాకిప్పటికీ బాధే. 1953లో గిబ్బన్ హార్ట్-లంగ్ మెషీన్ వచ్చాక గుండె తెరిచి తీరిగ్గా చూడగలిగారు. కానీ గుండె ఆగి ఉన్న ప్రతి నిమిషమూ విలువైనదే.

అందుకే గుండెను తెరవకముందే దాని నమూనాను చేత్తో పట్టి చూడగలిగితే మేలు. ఆ దారి త్రీడీ ప్రింటింగ్‌తో దొరికింది. 1984లో అమెరికాలో చక్ హల్ ద్రవ రెజిన్‌ను వెలుతురుతో పొరలుగా గట్టిపరిచే పద్ధతికి పేటెంటు కోరాడు. మా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తొలిచి బొమ్మ తీస్తారు, ఇక్కడ పొర మీద పొర పేరుస్తారు. బిడ్డ గుండెను ఇలా అచ్చు వేయాలంటే, రంగుమందు ఎక్కించి తీసిన సీటీలో మిల్లీమీటరు కన్నా పలచని ముక్కల్లోంచి ఎముకను, ఊపిరితిత్తిని తీసేసి గుండెను మాత్రం విడదీయాలి. ఓపిక కావలసింది అక్కడే. ఒక గీత తప్పితే లేని గోడ పుడుతుంది. మెత్తని రెజిన్‌తో అచ్చయ్యాక నమూనాను కోసి, సర్జన్ కుడి కర్ణికలోంచి తొంగిచూస్తాడు, ప్యాచ్ కత్తిరించి పెట్టి చూస్తాడు.

2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, పది కేంద్రాల్లోని 40 మంది క్లిష్టమైన రోగుల్లో 19 మందికి నమూనా చూశాక ఆపరేషన్ ప్లాన్ మారింది. సగానికి దగ్గర! విశాఖలో స్టీల్‌ప్లాంట్ పక్కన 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో త్రీడీ ప్రింటింగ్ ఉంది. అనకాపల్లి నుంచి అదెంతో దూరం కాదు. మామూలు కన్నానికి ఈ నమూనా ఖర్చు అక్కర్లేదు. రెండు ధమనులూ ఒకే గదిలోంచి పుట్టిన బిడ్డకు మాత్రం దీని ఖర్చును ఆపరేషన్ ఖర్చులోనే కలపాలంటాను.

కవాటాల పలచని రెక్కలు సీటీలో సరిగ్గా పడవు కాబట్టి నమూనాలోనూ రావు. వాటికి ఇప్పటికీ ఎకోయే దిక్కు.