ఒక తండ్రి సంతకం, నూరేళ్ల ప్రయాణం

మొన్న ఏప్రిల్‌లో తిరుపతిలో ఒక నోటరీ దగ్గర కూర్చుని ఉండగా పీలేరు వైపు నుంచి ఒక అవ్వ, పదకొండేళ్ల మనవడు వచ్చారు. పిల్లవాడు సెలవులకు దుబాయిలో ఉన్న మేనమామ దగ్గరికి పోవాలి. ముందు పాస్‌పోర్టు కావాలి. అవ్వ చీర కొంగులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. అది తల్లి సంతకం చేసి వాట్సాప్‌లో పంపిన ఫారం. ‘‘వాళ్లమ్మ కువైట్‌లో ఉండాది సార్, నాయన లేడు. మీరు ముద్ర ఏయండి’’ అంది. తన ముద్రతో అయ్యే పని కాదనీ, తల్లి అక్కడి మన ఎంబసీకి వెళ్లి సంతకం ధ్రువీకరించి పంపాలనీ నోటరీ ఓపికగా చెప్పాడు. ‘‘మాయమ్మకు శుక్రవారమే సెలవు. శుక్రవారం ఎంబసీ ఉండదంట’’ అన్నాడు పిల్లవాడు.

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. అమ్మానాన్నలు పక్కన లేకుండా పిల్లలు సముద్రం దాటడానికి ఒక సంతకం ఎప్పటి నుంచి అడ్డమో, ఎప్పటి నుంచి అండో వెతుకుతూ పోతే, దారి మళ్లీ మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకే వచ్చింది.

చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. ఉత్తర ఆర్కాటు తాలూకాలకు కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి కలిపారు. సరిగ్గా ఆ నెలలోనే ఇద్దరు అన్నదమ్ములు బొంబాయిలో ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరారు. మదనపల్లెలో పుట్టిన అన్న జిడ్డు కృష్ణమూర్తికి ఇంకా పదహారు నిండలేదు. తమ్ముడు నిత్యానందకు పన్నెండేళ్లు. తల్లి సంజీవమ్మ 1905లోనే పోయింది. వెంట ఉన్నది దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్. వాళ్ల దగ్గర పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. అప్పట్లో అవి అడిగేవారే లేరు. ఉన్నదల్లా తండ్రి నారాయణయ్య 1910 మార్చి 6న రాసిచ్చిన పత్రం. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఆయన, ఇద్దరు కొడుకుల సంరక్షణను ఆ కాగితంతో బిసెంట్‌కు అప్పగించాడు.

రెండేళ్లకే ఆయన మనసు మారింది. పిల్లలను తిరిగి ఇమ్మని 1912లో జిల్లా కోర్టుకెక్కాడు. కేసు మద్రాసు హైకోర్టుకు మారాక అక్కడ తండ్రి తరఫున సి.పి.రామస్వామి అయ్యర్ వాదిస్తే, బిసెంట్ తన కేసు తానే వాదించుకుంది. 1913లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించమన్నాడు. అప్పీలులోనూ తండ్రిదే గెలుపు. 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. చాలామంది ఇక్కడితో కథ ముగిసిందనుకుంటారు గానీ, నన్ను ఆపిందీ, ఇప్పటికీ పనికొచ్చేదీ ఆ తీర్పులోని తర్కమే. సంరక్షణ అనేది తండ్రికి పవిత్రమైన బాధ్యత, బతికుండగా దాన్ని మరొకరికి శాశ్వతంగా ధారాదత్తం చేయలేడు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు అంది కౌన్సిల్. అంతవరకు నారాయణయ్య మాటే నెగ్గింది. అయితే పిల్లలు ఇంగ్లండులో ఉండగా ఇక్కడి జిల్లా కోర్టుకు అధికారం ఎక్కడిది? ఆ పిల్లల మేలు ఏమిటో, వాళ్ల తరఫు మాట ఏమిటో వినకుండా ఎలా తేలుస్తారు? దావా ఈ ప్రశ్నల దగ్గర ఓడిపోయింది.

ఆ కుటుంబానికి పత్రం రాసుకునే చదువు ఉంది. అదే కాలంలో మన పల్లెల నుంచి మారిషస్, నాటాల్, ఫిజీ తోటలకు పోయిన కూలీల పిల్లలకు అదీ లేదు. వలస పాసు మీద పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, ఒంటి మీది పుట్టుమచ్చ రాసేవారు. నాటాల్‌లో చంకలోని బిడ్డకు కూడా ఒక నంబరు పడేది.

మొదటి ప్రపంచ యుద్ధంతో పాస్‌పోర్టు తప్పనిసరైంది. 1920లో పారిస్‌లో నానాజాతి సమితి సమావేశం దానికి పుస్తకం రూపం ఖాయం చేసింది. మన దగ్గర చాలాకాలం పిల్లల పేర్లు తల్లిదండ్రుల పాస్‌పోర్టులోనే ఎక్కించేవారు, కాబట్టి పిల్లలు ఒంటరిగా పోయే ప్రశ్నే తక్కువ. పాస్‌పోర్టు ప్రభుత్వం దయ కాదనీ, విదేశాలకు పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ 1967లో సత్వంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఇంగ్లండు మాత్రం చూసిపోవడానికి వచ్చే మనవాళ్లను 1986 దాకా ముందుగా వీసా అడగలేదు.

ఇంతలో రాయలసీమ దక్షిణం ఖాళీ కావడం మొదలైంది. రాజంపేట, రాయచోటి, పీలేరు, మదనపల్లె పల్లెల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోయారు, పిల్లలు అవ్వల దగ్గర మిగిలారు. చదువుకున్నవాళ్లు అమెరికా పోయారు. వాళ్ల పిల్లల వీసాకు తిరుపతివాళ్లు మద్రాసు కాన్సులేటు ముందు బారులు తీరేవారు. హైదరాబాద్‌లో కాన్సులేటు తెరిచింది 2008లో.

తండ్రి సంతకమే సంతకమన్న పద్ధతి మారడానికి 1999 దాకా పట్టింది. గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి బతికి ఉన్నా అందుబాటులో లేకుంటే తల్లీ సహజ సంరక్షకురాలేనంది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలాయి. తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. తల్లిదండ్రులు ఇక్కడే ఉంటే ఫారాలకు నోటరీ అక్కర్లేకుండా తెల్లకాగితం మీద స్వయంగా రాసిస్తే సరిపోతుంది. తల్లిదండ్రుల సమ్మతికి అనెక్సర్-డి, ఒకరు ఒప్పుకోనప్పుడు అనెక్సర్-సి. ఒంటరి తల్లులకు ఇది నిజంగా పెద్ద ఊరట.

వీసా దగ్గర మాత్రం కట్టు బిగుస్తూనే ఉంది. విడిపోయిన దంపతుల్లో ఒకరు బిడ్డను దేశం దాటించడాన్ని ఆపడానికి 1980లో హేగ్ ఒప్పందం వచ్చింది. భారత్ అందులో చేరలేదు. అందుకే విదేశీ అధికారులు కాగితాలను మరింత నిశితంగా చూస్తారని నా నమ్మకం. షెంజెన్ దేశాలకైనా బ్రిటన్‌కైనా, బిడ్డ ఎవరితో పోతున్నాడు, ఎన్నాళ్లు, ఎవరింట్లో ఉంటాడు అన్నది రాసి అమ్మానాన్నలు సంతకం చేసిన సమ్మతి పత్రం కావాలి. అమెరికా 14 ఏళ్లలోపు పిల్లలకు ఇంటర్వ్యూ మినహాయించేది, 2025 సెప్టెంబరు నుంచి అదీ తీసేసింది.

మన ఉమ్మడి జిల్లాకు ఇంకో చిక్కుంది. నగరి, సత్యవేడు వైపు తమిళ పద్ధతిలో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులో మొదటి అక్షరమే ఇనీషియల్. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరే ఇంటిపేరై, పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. జనన ధ్రువపత్రంలో తల్లి ముద్దుపేరు, ఆధార్‌లో అసలు పేరు ఉండే ఇళ్లూ ఎన్నో. తోడు లేని పిల్లవాడికి ఈ తేడా కౌంటరు దగ్గర గోడ అవుతుంది.

1914లో ప్రీవీ కౌన్సిల్ అడిగిన రెండో ప్రశ్నకు ఈ ఫారాల్లో గడి లేదు. ఎవరు ఒప్పుకున్నారని అన్నీ అడుగుతాయి, బిడ్డకు ఇష్టమేనా అని ఏదీ అడగదు. ఆ పని ఇంట్లోనే జరగాలి. వేసవి ప్రయాణమైతే సంక్రాంతికే కాగితాలు మొదలుపెట్టండి, ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి అడగండి. కువైట్‌లోని మన ఎంబసీ కూడా నెలకు ఒక శుక్రవారమైనా ఇలాంటి తల్లుల సంతకాల కోసం తలుపు తెరవాలి.

ఆ అవ్వ మనవడి కాగితం కువైట్ నుంచి ఆగస్టులో వచ్చింది. అప్పటికి బడులు తెరిచి రెండు నెలలైంది.