డయానా ఏమనుకుందో

ఇంటర్ సెకండియర్‌లో ఒక పాట రాశాను. ఫిజిక్స్ రికార్డు చివరి పేజీల్లో, పెన్సిల్‌తో. ఎవరైనా చూస్తే చెరిపేయొచ్చని. ట్యూషన్‌లో ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి మీద. అసలు పేరు పెట్టే ధైర్యం లేక ‘వెన్నెల’ అన్నాను. ఆ పాట ఆమె వినలేదు. మా క్లాసు భాషలో దానికి ఒకటే మాట: వన్ సైడ్.

అందుకే పాల్ ఆంకా కథ చదివినప్పుడు మొదట కలిగింది అసూయే. అతను 15 ఏళ్ళకే నేను చేయలేని పని చేశాడు. అమ్మాయి పేరునే పాటకి పేరుగా పెట్టేశాడు.

ఆంకా 1941లో కెనడా రాజధాని ఒట్టావాలో పుట్టాడు. సిరియా, లెబనాన్ మూలాలున్న క్రైస్తవ కుటుంబం. చర్చి గాయకబృందంలో పాడేవాడు. ఆ చర్చిలో, తమవాళ్ళ వేడుకల్లో కనిపించే ఒకమ్మాయి మీద మనసుపడ్డాడు. అతనికంటే వయసులో పెద్దది. ఆమెతో అసలు పెద్ద పరిచయమే లేదని తర్వాత ఆయనే చెప్పాడు. 1957లో న్యూయార్క్ వెళ్ళి ఏబీసీ-పారమౌంట్ రికార్డు కంపెనీలో డాన్ కోస్టాకి తన పాటలు వినిపించాడు. ‘డయానా’ రికార్డయింది. బ్రిటన్‌లో 9 వారాల పాటు మొదటి స్థానంలో కూర్చుంది.

ఒక పిల్లాడి మూగప్రేమ అంత దూరం ఎలా వెళ్ళింది? కాలం కలిసొచ్చింది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ 45 ఆర్‌పీఎం చిన్న రికార్డులు తెచ్చింది. పాకెట్ మనీతో కొనుక్కోవచ్చు. 1954లో ట్రాన్సిస్టర్ రేడియో మార్కెట్లోకి వచ్చింది. ఇక నాన్నగారు హాల్లో పెట్టిందే వినాల్సిన అవసరం తప్పింది. టీనేజర్లు అనే కొత్త శ్రోతలు తయారయ్యారు. వాళ్ళకి కావలసిన పాటల్ని ఎక్కువగా పెద్దవాళ్ళే రాసి అమ్ముతున్న రోజుల్లో, వాళ్ళ ఈడువాడే ఒకడు తన పాట తనే రాసుకుని వచ్చాడు. సంగీతం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. అప్పటి ఎన్నో పాటల్లో వినిపించే నాలుగు కార్డ్స్, అవే మళ్ళీ మళ్ళీ. ఆమె ఉండే వీధిలోనే సైకిలేసుకుని పదిసార్లు తిరిగినట్టు.

కానీ ఈమధ్య మళ్ళీ విన్నప్పుడు ఒకటి తట్టింది. పాటలో ఆమె తనకంటే పెద్దదని తెలుస్తుంది. లోకులు ఏమన్నా తనకి లెక్కలేదని అతను అంటాడు. ఆమె తనని దగ్గరికి తీసుకున్నట్టు కూడా ఊహించుకుంటాడు. మరి ఆమె ఎలా మాట్లాడుతుంది, దేనికి నవ్వుతుంది? ఏమీ లేదు. తెలిస్తే కదా రాయడానికి! ఆ పాటంతా అతని తపనే. పేరు మాత్రం ఆమెది. దాన్ని ఊళ్ళూ దేశాలూ పాడుకున్నాయి.

తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. 1962లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు ఆంకా మీద ‘లోన్లీ బాయ్’ అనే డాక్యుమెంటరీ విడుదల చేసింది. అందులో అతన్ని చూసి అమ్మాయిలు కేకలు పెడతారు, ఏడుస్తారు. ఒకప్పుడు తనని పట్టించుకోని అమ్మాయి కోసం పాడినవాడి కోసం, ఇప్పుడు అతనికి పేర్లు కూడా తెలియని అమ్మాయిలు ఏడుస్తున్నారు. వన్ సైడే, కాకపోతే దిక్కు మారింది. వాళ్ళ పాట ఎవరు రాశారు?

ఆంకాని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 15 ఏళ్ళవాడికి ఆ మాత్రం నిజాయితీ చాలా ఎక్కువ. ఆ తర్వాత ఎన్నో పాటలు రాశాడు. 1969లో సినాట్రా పాడిన ‘మై వే’కి ఇంగ్లీషు సాహిత్యం కూడా అతనిదే. ఆ ప్రయాణం మొదలైంది మాత్రం ఒక అమ్మాయి తిరిగి చూడకపోవడంతోనే. ఆ ఋణం ఎలా తీరుతుందో నాకు తెలీదు.

మొన్న మా ఇంటి అటకమీద ఆ ఫిజిక్స్ రికార్డు దొరికింది. పెన్సిల్ గీతలు వెలిసిపోయాయి గానీ చదవొచ్చు. మూడు చరణాలు. నా నిద్రలేని రాత్రుల గురించే మూడూ. ముందు బెంచీలో కూర్చున్న ఆ అమ్మాయి గురించి నాకు నిజంగా తెలిసింది ఒక్కటే: ఎడమచేత్తో రాసేది. అది మాత్రం పాటలో లేదు.