ఆకాశమున త్రోవ మర్యాదలు



గడచిన వేసవిలో నా మేనల్లుడు సెలవులకు మా ఊరు వచ్చెను. వాడు విమానము నడపు విద్య నేర్చుచున్నాడు. మన దేశమున జీతమునకు విమానము నడపదలచినవానికి 18 ఏండ్లు నిండవలెను. 200 గంటలు ఎగిరిన అనుభవముండవలెను. నియమములు, దిక్కుల లెక్కలు, వాతావరణము మొదలగు పరీక్షలలో నూటికి 70 మార్కులు రావలెను. వాడు నియమముల పుస్తకము ముందుంచుకొని, "మామయ్యా, ఇదంతయు బట్టీ పట్టుటయే గదా! వీనిని ఎవరు, ఎందులకు వ్రాసిరో ఎవ్వరును చెప్పరు" అని విసుగుకొనెను. ఆ మాట నన్ను పట్టుకొన్నది. వెదకి తెలిసికొన్న సంగతులు కొన్ని మీకు విన్నవించెదను.

విమానము పుట్టిన తొలినాళ్లలో ఆకాశమునకు శాసనము లేదు. 1919 అక్టోబరులో పారిసు నగరమున అనేక దేశములవారు కూడి ఒక ఒడంబడిక చేసికొనిరి. త్రోవ విషయమున వారు పెద్దగా క్రొత్తది కల్పింపలేదు. సముద్రముపై ఓడలవారు పాటించు మర్యాదనే మింటి కెక్కించిరి. మన బండ్లు ఎడమ ప్రక్కన నడచును. ఓడలును విమానములును ఎదురుపడినప్పుడు రెండును కుడికి తొలగవలెను.

రాత్రివేళ ఎట్లు? మన బండికి లాంతరు కట్టినట్లే విమానమునకు ఎడమ రెక్క కొనను ఎఱ్ఱ దీపము, కుడి రెక్క కొనను పచ్చ దీపము, తోకను తెల్ల దీపము ఉండును. చీకటిలో అడ్డముగా వచ్చుదాని ఎఱ్ఱ దీపము కనబడినచో అది మన కుడినుండి వచ్చుచున్నదన్నమాట. మనమే దారి ఇయ్యవలెను. పచ్చ కనబడినచో దారి ఇయ్యవలసినది వారు. రెండును ఒక్కసారి కనబడినచో ఎదురుగా వచ్చుచున్నది. తెల్లనిది మాత్రమే కనబడినచో మనము దాని వెనుక నున్నాము. దాటదలచినచో కుడిగా దాటవలెను. ఇంజనుగల విమానము ఇంజను లేని గ్లైడరునకు దారి ఇయ్యవలెను; గాలికి కొట్టుకొనిపోవు బెలూనునకు ఇవి రెండును తొలగవలెను. గట్టుమీద మోపు మోయువానికి ఒట్టి చేతులవాడు తొలగుట మనమెరిగినదే.

అయినను కాగితముపై వ్రాసినంతమాత్రమున నియమము ఒంటబట్టదు. 1922 ఏప్రిల్ 7వ తేదీన లండను దగ్గరి క్రాయిడన్ నుండి టపా సంచులతో ఒక ఇంగ్లీషు విమానము బయలుదేరెను. పారిసు దగ్గరి లె బూర్జే నుండి ప్రయాణికులతో ఒక ఫ్రెంచి విమానము ఎదురు వచ్చుచుండెను. ఆ కాలమున చోదకులు క్రిందనున్న బాటను చూచుకొని పోవుచుండిరి. మంచు కమ్మియున్నది, ఇద్దరును ఒకే బాటమీద తక్కువ ఎత్తున ఎదురెదురుగా వచ్చిరి. ఏడుగురు మరణించిరి. పిమ్మట విమాన కంపెనీలవారు క్రాయిడనులో సమావేశమై, అందరును కుడిప్రక్కననే పోవలెననియు, ప్రయాణికుల విమానములలో రేడియో ఉండవలెననియు తీర్మానించిరి.

మన దేశమున 1934లో విమానముల చట్టము, 1937లో దాని నియమావళి వచ్చినవి. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగోలో జరిగిన ఒడంబడికయే నేటికిని ప్రపంచమునకు మూలము. 1934 నాటి చట్టము స్థానమున 2024లో క్రొత్త చట్టము చేయబడెను.

ఇక ఎత్తుల సంగతి. దిక్సూచి లెక్కన తూర్పు సగమునకు పోవువారు వేల అడుగులలో బేసి ఎత్తులను, పడమటి సగమునకు పోవువారు సరి ఎత్తులను పట్టవలెను. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము ఢిల్లీనుండి పడమరకు పోవు సౌదీ విమానమును 14,000 అడుగులకడ ఉండుమనిరి. తూర్పుగా ఢిల్లీకి వచ్చు కజకిస్తాను విమానమును 15,000 అడుగులకడ ఆగుమనిరి. రెండవది ఆగక ఇంకను దిగెను. హర్యానాలోని చర్ఖీ దాద్రీ గ్రామాల పొలములపై రెండును కూలినవి. 349 మందిలో ఒక్కరును మిగులలేదు. నడుమ ఉండవలసినది వేయి అడుగులే! కజకిస్తాను విమానమున నేలమీది అధికారులతో మాటలాడువాడు ఒకడు, నడపువాడు వేరొకడు. ఢిల్లీకి వచ్చు విమానములకును పోవు విమానములకును నాడు దారి ఒక్కటే.

తరువాత ఆ దారులను వేరుచేసిరి. ఎదుటి విమానము సమీపించినప్పుడు ఎక్కుమనియో దిగుమనియో హెచ్చరించు యంత్రమును మన దేశమున తప్పనిసరి చేసిరి. 2008 నుండి దేశాంతర మార్గములలో ఎగురువారికి ఇంగ్లీషు మాటలాడుటలోను అర్థము చేసికొనుటలోను పరీక్ష అవసరమైనది. అందులకే మా వాని పుస్తకము ఏటేట లావెక్కుచున్నది.

ఇవన్నియు చెప్పగా వాడు చాలసేపు మాటలాడలేదు. ఆ రాత్రి అరుగుమీద కూర్చుండగా, దిగుటకు పోవుచున్న విమానమొకటి మా ఊరిమీదుగా వచ్చెను. "మామయ్యా, ఎఱ్ఱది కనబడుచున్నది, కుడినుండి ఎడమకు పోవుచున్నది" అనెను. అది పోవుచున్నది అట్లే.