విల్లుకి గిలకలు కడితే మోసమా?

మొన్న ఆఫీసు కాంటీన్లో ఆర్చరీ మాటొస్తే, మా టీమ్‌లో ఒకాయన "కాంపౌండ్ విల్లా? సగం పని మెషీనే చేసేస్తుంది కదా" అని ఓ మాట పడేసి ఇడ్లీలో మునిగిపోయాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మా అమ్మమ్మగారిది చల్లపల్లి, వెన్నం జ్యోతి సురేఖదీ చల్లపల్లే మరి. సొంతూరి పక్షపాతం ఉందని ముందే ఒప్పేసుకుంటున్నా, ఇక ఫిజిక్సు చూద్దాం :-)

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అక్కడ ఉండేలుతో మామిడికాయలు కొట్టేవాళ్ళం. రబ్బరు ఎంత లాగితే రాయి అంత పైకి. కానీ పూర్తిగా లాగేసరికి చెయ్యి వణికేది, గురి తప్పేది. మామూలు విల్లుదీ ఇదే జబ్బు. లాగేకొద్దీ బరువు పెరిగి, సరిగ్గా గురి చూడాల్సిన క్షణానికే అన్నిటికంటే ఎక్కువుంటుంది.

దీనికి మందు కనిపెట్టినాయన అమెరికాలోని మిస్సోరీవాడు, హోలిస్ విల్బర్ ఆలెన్. విల్లు కొసలు కోసేసి గిలకలు బిగించాడు. 1966లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1969లో వచ్చింది. ఆ గిలకల ఇరుసు నట్టనడుమ ఉండదు, కాస్త పక్కకుంటుంది. కిటుకంతా అక్కడే. లాగడం మొదలెట్టగానే బరువు పెరిగి, కాసేపు అక్కడే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. 50 పౌండ్ల విల్లుని చివర్లో 15 పౌండ్లకి అటూఇటూగా పట్టుకుంటే చాలు.

మరి శక్తి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఇంటర్లో గీసిన గ్రాఫ్ గుర్తు తెచ్చుకోండి. బలం నిలువుగా, లాగిన దూరం అడ్డంగా. గీత కింది వైశాల్యమే నిల్వ ఉన్న శక్తి. మామూలు విల్లుకి అది దాదాపు త్రిభుజం, కాంపౌండ్‌కి పైన చదునుగా ఉన్న గుట్ట. గరిష్ఠ బరువు ఒకటే అయినా గుట్టలో ఎక్కువ పడుతుంది. అయితే అందులో ప్రతి జౌలూ లాగినవాళ్ళ వీపు కండరాలు పెట్టిందే. గిలక కొత్తగా ఏమీ కలపదు, పైగా ఘర్షణకింద కొంత తినేస్తుంది కూడా.

20 గ్రాముల బాణం సెకనుకి 80 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకుందాం. 64 జౌళ్ళు. గాలిని పక్కనపెడితే, నిట్టనిలువుగా 326 మీటర్లు ఎగరాలి. అదే అడ్డంగా వదిలితే 50 మీటర్లు వెళ్ళేలోపు దాదాపు 2 మీటర్లు జారిపోతుంది. అక్కడ 10 పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు! ఆ జారుడికి సైటు సర్దుకుని గురి నిలపాల్సింది మనిషే.

ఆర్చరీ 1972లో ఒలింపిక్స్‌లోకి తిరిగొచ్చినా ఈ గిలకల విల్లుకి మాత్రం చోటివ్వలేదు. ఏషియన్ గేమ్స్‌లోకి 2014లో వచ్చింది. ఈలోగా బెజవాడలో వోల్గా అకాడమీలో పిల్లలు బాణాలేస్తూనే ఉన్నారు, కోచ్ చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాక కూడా. 2023లో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో సురేఖ, అదితి, పర్ణీత్ జట్టు స్వర్ణం గెలిచింది, ఆర్చరీలో మన దేశానికి అదే మొదటి ప్రపంచ టైటిల్. అదే ఏడు హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో సురేఖకి మూడు స్వర్ణాలు. ఒలింపిక్ పతకం సంగతంటారా, ఆమెకి పోటీ చేసే అవకాశమే లేదు.

2025లో ప్రకటించారు, 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ ఉంటుందని. ఆ ఒక్క ఈవెంటే. అప్పటికి సురేఖకి 32 ఏళ్ళు.

గ్రాఫ్ గీసి మా ఇడ్లీ మిత్రుడికి మెయిల్ చేశా. "వైశాల్యం సరే, ఆ విల్లు ఖరీదెంత?" అని జవాబిచ్చాడు.