పుంటికూర మటన్, మూడు సీసాలు

ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు పక్కకు జరిపి అన్న మూడు వైన్ సీసాలకు చోటు చేస్తున్నాడు. సైనిక్‌పురిలో ఏప్రిల్ రాత్రి. ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుంటోంది. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని మీరు ఎక్కడో విని ఉంటారు. ఆ మాట పుట్టింది చలిదేశపు పాత ఇళ్లలో, 16, 18 డిగ్రీలు దాటని గదుల్లో. ఇక్కడ హాల్లో 33 ఉంది. ఇలాగే పోస్తే ముందు ఆల్కహాల్ ఘాటు ముక్కుకెక్కుతుంది, పండు వాసన అడుగున పడిపోతుంది. అరగంట ఆగాల్సిందే.

వంటింట్లోంచి మిరియాల ఘుమఘుమ వస్తోంది. వదిన మటన్ వేపుడు దించి, పుంటికూర మటన్ మూత తీసి ఉప్పు చూస్తోంది. ముద్దపప్పు, గుత్తివంకాయ, బగారన్నం ఇప్పటికే బల్ల మీదున్నాయి. పక్కన ఆవకాయ జాడీ. దాన్ని దూరంగా జరపండి, ఇప్పుడే కాదు.

సీసాలు బయటికొచ్చాయి. వదిన వాటికి పాత పేపర్లు చుట్టి, స్కెచ్ పెన్‌తో ఒకటి, రెండు, మూడు అని రాసింది. ఏవేవి ఉన్నాయో అందరికీ తెలుసు, ఏ అంకె కింద ఏది దాగిందో ఆమెకే తెలుసు. ఒకటి బెంగళూరు దగ్గరి నంది హిల్స్ నుంచి వచ్చిన గ్రోవర్ జంపా ‘లా రిజర్వ్’: కాబర్నే సావిన్యో, షిరాజ్‌ల కలయిక. ఇంకొకటి సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో తయారయ్యే ఫ్రాతెల్లి ‘సెట్టే’: ఇటలీ ద్రాక్ష సాంజొవేసేకి కాబర్నే తోడు. మిగిలింది ఫ్రాన్స్ నుంచి వచ్చిన కోత్ ద్యు రోన్. అందులో గ్రెనాష్‌దే పెత్తనం, సిరా, మూర్వెద్ర్ దానికి సాయం. షిరాజ్, సిరా ఒకే ద్రాక్షకు రెండు పేర్లు.

తలా మూడు గ్లాసులు, ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లకు మించకుండా. తిప్పండి. ముక్కు లోపలికి పెట్టి వాసన చూడండి, మొహమాటం వద్దు.

ఒకటో నంబరులో నల్లటి పండు వాసన, వెనకాల మిరియం. అది పోలిక కోసం చెప్పే మాట కాదు. నల్ల మిరియాలకు ఆ ఘాటునిచ్చే రోటుండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన తెలియనే తెలియదట. అన్న రెండుసార్లు పీల్చాడు. “మిరియమేడుందిరా? నాకైతే ఏం తెలుస్తలేదు.” ఆ ఐదో మనిషి ఎవరో తేలిపోయింది. పెద్దమ్మ తాగదు గానీ గ్లాసు అందుకుని వాసన చూసింది. “నేరేడు పండ్లు మాగినట్టుంది బిడ్డా.” పెద్ద పెద్ద రుచి నిపుణుల పదకోశాల్లో నేరేడు దొరకదు గానీ, ఈ గ్లాసుకు అంతకంటే సరైన మాట లేదు.

ఇప్పుడు ఒక గుక్క. వెంటనే మింగకండి, నోరంతా తిప్పండి. చిగుళ్లు బిగుసుకుంటున్నాయి కదా, పచ్చి జామకాయ కొరికినట్టు? అదే టానిన్, మన వగరు. ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ దిగి, లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేస్తుంది. కాబర్నేలో ఇది బాగా ఎక్కువ. పైగా ఆ ద్రాక్ష మొదట్లోనూ చివర్లోనూ గట్టిగా పలికి, నడుమ కాస్త ఖాళీగా వదిలేస్తుంది. ఆ ఖాళీ పూడ్చడానికి బోర్డోలో మెర్లో కలుపుతారు, ఆస్ట్రేలియాలో షిరాజ్. పంతొమ్మిదో శతాబ్దంలో బోర్డో వ్యాపారులే రోన్ లోయ నుంచి సిరా తెప్పించి తమ వైన్‌లో కలిపేవాళ్లు. తర్వాత నియమాలొచ్చి అది మానేశారు.

రెండోది సన్నగా, పుల్లగా ఉంది, నోట్లో నీళ్లూరిస్తోంది. మూడోది గుండ్రంగా, మెత్తగా, పండిన స్ట్రాబెర్రీలా ఉంది. చేతులెత్తమంటే మూడోదానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. రెండోది అన్నిటికంటే వెనకబడింది.

కంచాలు వచ్చాయి. లెక్కలు తారుమారయ్యేది ఇప్పుడే.

ముద్దపప్పులో నెయ్యి వేసి ఒక ముద్ద తినండి, తర్వాత ఒకటో గ్లాసు. ఇందాకటి వగరు ఏది? పప్పులోని ప్రోటీను, నేతిలోని కొవ్వు, ఉప్పు కలిసి దాన్ని సగానికి దించేశాయి. మిరియాల వేపుడుతో అయితే ఇంకా బాగుంది. గుత్తివంకాయతో మూడోది హాయిగా పోతుంది, పల్లీ నువ్వుల కమ్మదనం, గ్రెనాష్ మెత్తదనం సరిపోయాయి. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

పుంటికూర దగ్గర అందరూ నెమ్మదించారు. ఆ పులుపు మామూలుది కాదు, దానికి పచ్చిమిర్చి కారం తోడు. ముద్ద తిని మూడో గ్లాసు తాగితే, ఇందాక ఓట్లు కొట్టేసిన వైన్ చప్పగా తేలిపోయింది. కూరలో పులుపు ఎక్కువైతే నాలుక దానికి అలవాటుపడి, వైన్‌లో ఉన్న కాస్త పులుపునూ లెక్కచేయదు. పైగా దాని ఆల్కహాల్ మిర్చి మంటను ఎగదోసింది. ఒకటోది తాగితే వగరు, కారం కలిసి చేదెక్కింది. అన్న గ్లాసు కింద పెట్టి మంచినీళ్లు అందుకున్నాడు.

ఇక రెండోది. ఒక గుక్క, మళ్లీ ఒక ముద్ద, మళ్లీ గుక్క. ఇందాక పుల్లగా, సన్నగా అనిపించిన ఆ వైన్‌లోంచి ఇప్పుడు పండు వాసన పైకొచ్చింది. పులుపుకు పులుపు ఎదురు నిలిచింది, మటన్ కొవ్వును నాలుక మీద నుంచి కడిగేసింది. సాంజొవేసే పెరిగింది టమాటా వంటల టస్కనీలో. దానికి కాబర్నే కలపడం కూడా అక్కడి పద్ధతే. అప్పటి కియాంటీ నియమాలను పక్కనపెట్టి, 1970లలో తిన్యానెల్లో లాంటి వైన్‌లు ఆ దారి వేశాయి. ఉత్తగా చప్పరించి మార్కులేసే పోటీల మీద నాకు నమ్మకం పోయింది ఇలాంటి రాత్రుల వల్లే. అక్కడ గొంతు పెద్దదైన వైన్ గెలుస్తుంది, కంచం ముందు దాని పని వేరు.

అన్న ఆపుకోలేక ఆవకాయ ముక్క నంజుకుని మూడు గ్లాసులూ వరసగా తాగి చూశాడు. ముఖం చూస్తే చాలు, మీరు ప్రయత్నించక్కర్లేదు. ఆవపిండి, ఉప్పు, మెంతులు, కారం ముందు ఏ ద్రాక్షా నిలవదు.

“రెండోది ఫ్రాన్స్‌దే, పందెం!” అంటున్నాడు అన్న నీళ్లు తాగుతూనే. వదిన పేపరు చింపింది. అక్లూజ్.

“గదేడుంది?” పెద్దమ్మ.

“సోలాపూర్ దిక్కు, అత్తమ్మా.”

“సోలాపూరా! మన పద్మశాలోళ్లు మగ్గాలకని పొయ్యింది ఆడికే గదా. మా చిన్నత్త వాళ్లు ఇంకా ఆడనే ఉన్నరు.” ఆ పైన మాట వైన్ మీద లేదు, సోలాపూర్ చద్దర్ల మీదికీ, ఎవరి పెళ్లికి ఎవరొచ్చారన్న దాని మీదికీ పోయింది.

మీరు లేచి ఒకటి, మూడు సీసాల మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు పాడవవు. రెండోదానికి మూత వెతకనక్కర్లేదు.