కిట్టి నుంచి 20(3) దాకా

అనంతపురం మెట్టభూముల్లో పోలీసు విచారణ కథ శిస్తు వసూలుతో ముడిపడి ఉంది. 1800లో నిజాం, ఈ ప్రాంతం ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1816 నుంచి తహసీల్దారే తాలూకా పోలీసు పెద్ద. పంట ఎండి కిస్తు కట్టలేని రైతునూ, దొంగతనం అంటగట్టిన కూలినీ ఒకే కచేరీలో, అవే బంట్రోతులు నిలదీసేవారు.

అక్కడ ఏం జరిగేదో 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం బయటపెట్టింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉంది, 1882లో విడిపోయింది. కిట్టి అంటే ఒక కొసన కలిపి కట్టిన రెండు కర్రలు. మధ్యలో వేళ్లు పెట్టి, మనిషి తట్టుకోలేనంతగా నొక్కేవారు. మెడకు తాడేసి కాలివేళ్లకు బిగించి, వంగబెట్టి ఎండలో ఉంచడం ఇంకో పద్ధతి. శిస్తు రాబట్టడానికీ ఇదే, నేరం ఒప్పించడానికీ ఇదే. వాన మొహం చాటేస్తే దెబ్బలు తిన్నది రైతు.

1859లో పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. 1861 నేర విచారణ చట్టం, ఆపైన 1872 సాక్ష్య చట్టం పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదన్నాయి. కానీ సాక్ష్య చట్టం 27వ సెక్షన్ ఒక సందు వదిలింది: నిందితుడు చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ మేరకు అతని మాట సాక్ష్యమే. స్టేషన్లలో ‘రికవరీ’ మీద అంత పట్టుదల ఇందుకే.

తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని 1950లో రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకటించింది. అది కోర్టు బోనుకే పరిమితమా? 1977లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని కటక్ విజిలెన్స్ స్టేషన్‌కు పిలిచి రాతపూర్వకంగా ప్రశ్నలిచ్చారు. ఆమె జవాబివ్వనన్నారు, కేసు పెట్టారు. 1978 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం ఈ రక్షణ స్టేషన్ గడపలోనే మొదలవుతుందని తేల్చింది. బెదిరింపు, గంటల తరబడి సాధింపు కూడా బలవంతమేనంది. స్త్రీని స్టేషన్‌కు పిలిపించకూడదనీ, కోరితే లాయరును పక్కన ఉండనివ్వాలనీ చెప్పింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. 2010లో సెల్వి తీర్పు ఇష్టం లేకుండా నార్కో పరీక్ష చేయరాదని చెప్పి దాన్ని ఇంకాస్త గట్టిపరిచింది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం ‘నాగరిక్ సురక్షా సంహిత’లోని 180వ సెక్షన్ కూడా ఆ దారిలోనే ఉంది: నేరంలో ఇరికించే ప్రశ్నలకు తప్ప, మిగతావాటికి నిజం చెప్పాలి. పేరు, చిరునామా దాచకూడదు. నేరాంగీకార వాంగ్మూలం రాసేముందు, నేరం ఒప్పుకోనక్కర్లేదని మేజిస్ట్రేటు చెప్పి తీరాలి. పోలీసుకు మాత్రం చట్టం ఆ పని అప్పగించలేదు. బెంగళూరు వలస నుంచి ఊరికొచ్చి స్టేషన్ నోటీసు అందుకున్న కూలీకి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఆ నోటీసులోనే ఈ హక్కు గురించి రెండు వాక్యాలు తెలుగులో అచ్చు వేయాలి.