సంతకాలు వాళ్లవి, సీట్లు ఎవరివి?

1956 మార్చి 20న ట్యునీషియా ఫ్రాన్స్ చేతిలోంచి బయటపడింది. ఐదు నెలలు తిరక్కముందే, ఆగస్టు 13న, హబీబ్ బూర్గీబా ప్రభుత్వం కొత్త కుటుంబ చట్టం తెచ్చింది. రెండో పెళ్లి నేరమైంది. నోటిమాటతో తలాక్ చెల్లదు, మగవాడైనా విడాకులకు కోర్టు మెట్లెక్కాల్సిందే. అరబ్ లోకం నివ్వెరపోయింది. విచిత్రమేమిటంటే, ఆనాటికి అక్కడి ఆడవాళ్లకు ఓటే లేదు.

అయితే ఇదంతా బూర్గీబా ఒక్కడి పుణ్యం అనుకోకూడదు. ఈ మార్పుల కోసం 1930లోనే తాహిర్ హద్దాద్ పుస్తకం రాశాడు. మతపెద్దలు వెలివేసినంత పనిచేశారు. 36 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది బషీరా బిన్ మురాద్ మహిళా సంఘం పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక పాలకపక్షం సొంత సంఘాన్ని నిలబెట్టి ఆమెను పక్కకు నెట్టింది. నాకు బాధ కలిగించేది ఇదే. హక్కులిచ్చిన చెయ్యే వాటిని అడిగే గొంతును నొక్కింది.

ఇళ్లలో మాత్రం మార్పు వేళ్లూనింది. 1964లో ఆడపిల్లల పెళ్లి వయసు 17కు పెరిగింది. 1973లో తొలి మూడు నెలల్లో గర్భస్రావం అందరికీ చట్టబద్ధమైంది. 1960ల్లో ఒక్కో తల్లికి సగటున ఏడుగురు పిల్లలుండేవారు. ఈ శతాబ్దం మొదలయ్యేసరికి ఆ సంఖ్య ఇద్దరికి దిగింది.

2011లో అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాక, అభ్యర్థుల జాబితాల్లో ఒక మగ పేరు, ఒక ఆడ పేరు వరుసగా ఉండాలని చట్టం చేశారు. పార్టీలు దాదాపు ప్రతిచోటా మొదటి పేరు మగవాడిదే పెట్టాయి. ఒక్క సీటే దక్కిన జాబితాలో గెలిచేది ఆ మొదటి పేరే కదా! ఆ ఏడాది ఎన్నికల్లో 217 సీట్లలో మహిళలకు దక్కినవి 49. వారిలో అత్యధికులు ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా వాళ్లే.

2021లో అధ్యక్షుడు కైస్ సయీద్ అధికారమంతా చేజిక్కించుకున్నాడు. అరబ్ దేశాల్లోనే తొలి మహిళా ప్రధానిగా నజ్లా బూదిన్‌ను కూర్చోబెట్టి, రెండేళ్లు నిండకుండానే దించేశాడు. 2022లో ఒక్క ఉత్తర్వుతో జాబితాల పద్ధతే పోయింది. అభ్యర్థిని బలపరిచే 400 సంతకాల్లో సగం ఆడవాళ్లవి కావాలట. సీట్లకు మాత్రం ఆ నియమం లేదు. కొత్త పార్లమెంటులో మహిళలు ఐదో వంతు కూడా లేరు.

ఆస్తిలో సమాన వాటాను బూర్గీబా కూడా చట్టం చేయలేదు. 2018లో అప్పటి అధ్యక్షుడు బేజీ కాయిద్ ఎస్సెబ్సీ దాన్ని ప్రతిపాదించాడు. పార్లమెంటు ఆమోదించలేదు. అక్కడ ఈనాటికీ అన్న వాటాలో చెల్లెలికి సగమే.